పెద్దకూరలో అనపగింజలు, కొలతలతో సహా

ఈ మధ్య ఒక అమెరికన్ గృహిణి రాసిన వంట చదివాను. అరకిలోకు కాస్త తక్కువ బీఫ్ కీమా, రెండు డబ్బాల బీన్స్, ఒక డబ్బా టమాటా, ఒక ఉల్లిపాయ, ఒకే గిన్నె, అరగంట పని. జీతం రావడానికి ఇంకా వారం ఉందనగా పిల్లలున్న ఇంట్లో రాత్రి భోజనం ఇలా గడిచిపోతుందని రాసింది. వంటలో విశేషమేమీ లేదు. ఆమె రాసిన తీరు మాత్రం నన్ను పట్టేసింది. ఆ మాంసం ఎందుకు తింటున్నదో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. సంజాయిషీ లేదు, సవాలూ లేదు. ఉప్పు ఎప్పుడు వేయాలో, నీళ్ళు ఎన్ని పోయాలో, మిగిలితే మర్నాడు ఏం చేయాలో చెప్పి ముగించింది.

మనకూ ఇలాంటి వంట ఉంది. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోనూ సరిహద్దు దాటితే కోలారు పల్లెల్లోనూ పెద్దకూరలో (గొడ్డుమాంసంలో) అనపగింజలు వేసి పులుసు పెట్టుకుని రాగిసంకటితో తింటాం. కోస్తా పాఠకుల కోసం ఒక మాట: అనప చిక్కుడు జాతిదే, కాయను పారేసి గింజ తింటాం. మా దళితవాడలో అది ఆదివారం కూర. ఇప్పుడు బెంగళూరులో, కె.ఆర్. పురం దాటి ఒక అద్దె ఇంట్లో ఉంటూ నేను వండుతున్నదీ అదే. అయితే దీని గురించి తెలుగులో చదువుదామంటే దొరికేవన్నీ గొడవలే: చట్టాలు, దాడులు, ఖండనలు. లేదంటే కథల్లో, కవితల్లో బాల్యస్మృతిగా ఒక వాక్యం తగులుతుంది. ఆ రాతలన్నీ కావలసినవే. కాని అరకిలో కూరకు ఎన్ని గింజలు పడతాయి, చింతపండు ముందు వేయాలా వెనక వేయాలా అని ఒక కొత్త కోడలు వెతుక్కుంటే ఆమెకు జవాబు లేదు.

గుత్తివంకాయకు, పులిహోరకు, నాటుకోడికి రాసినట్టే దీన్నీ కొలతలతో రాసిపెట్టాలన్నది నా పట్టు. అలా రాయడం వల్ల ఏం ఒరుగుతుందని అడిగినవాళ్ళు ఉన్నారు, వద్దన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలు తీసిపారేయదగ్గవి కావు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చట్టం పొయ్యి దాకా వచ్చింది

ముందు ఆ అమెరికన్ వంట ఇక్కడ ఎందుకు పనికిరాదో చెప్పాలి. డబ్బా బీన్స్ బెంగళూరు సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి కాని, ఒక డబ్బాకు పెట్టే డబ్బుతో దాదాపు కిలో ఎండు అలసందలు వస్తాయి. అది చిన్న సంగతి. అసలు సంగతి మాంసానిది. అక్కడ మాంసం కోసమే పెంచే పశువులను చాలా వరకు రెండేళ్ళ వయసు అటూ ఇటూగా కోస్తారు. లేత మాంసం, పైగా కీమా కొట్టింది, పది నిమిషాల్లో ఉడుకుతుంది.

ఇక్కడ కర్ణాటకలో 1964 నాటి చట్టం 12 ఏళ్ళు దాటిన ఎద్దులను, గేదెలను కోయడానికి వీలిచ్చేది. 2020లో తెచ్చి 2021 నుంచి అమలు చేస్తున్న చట్టం ఆవులను, ఎద్దులను, దూడలను కోయడాన్ని పూర్తిగా నిషేధించి, 13 ఏళ్ళు దాటిన గేదెలకు, దున్నలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఈ చట్టం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వట్టిపోయిన పశువును అమ్ముకోలేని చిన్నరైతు, చవకగా మాంసం దొరకని కూలీ, ఇద్దరూ దీనివల్ల నష్టపోయారు. ఆ మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఆ చర్చ చాలామంది చేశారు. అదే చట్టం నా కుక్కరులోకి ఎలా వచ్చిందో ఎవరూ రాయలేదు.

శివాజీనగర్ మార్కెట్టులో ఇప్పుడు మనం కొనేది 13 ఏళ్ళు దాటిన గేదె మాంసం. జంతువు వయసు పెరిగేకొద్దీ కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పీచు ముడులు పడి గట్టిపడుతుంది. అది కరిగి జెలటిన్ అనే జిగురుగా మారాలంటే తేమలో, 70 డిగ్రీలకు పైన, చాలాసేపు ఉండాలి. వయసు మీరిన మాంసానికి ఆ 'చాలాసేపు' ఇంకా పెరుగుతుంది. దానికి తోడు బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలో ఉన్న బంధువుల ఇంట్లో రెండు గంటల్లో ఉడికిన ముక్క ఇక్కడ మూత పెట్టిన గిన్నెలో ఇంకా సాగుతూనే ఉంటుంది. కుక్కరులో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి మనం బతికిపోతున్నాం.

మా ఊళ్ళో కట్టెల పొయ్యి మీద వండేటప్పుడు ఒక పొందిక ఉండేది. ముదురు మాంసం తొందరగా ఉడకదు, ఎండుగింజ కూడా ఉడకదు. రెండింటినీ ఒకే కుండలో, ఒకే సెగ మీద, పొలం పనికి వెళ్ళొచ్చేదాకా వదిలేస్తే రెండూ ఒకేసారి దారికి వచ్చేవి. కరిగిన జెలటిన్, గింజల పిండి కలిసి పులుసు దానంతట అదే చిక్కబడేది. కుక్కరు వచ్చాక ఆ పొందిక చెడింది. నానిన గింజలు పావుగంటలో మెత్తబడతాయి, మాంసం ముప్పావు గంట అడుగుతుంది. రెండూ కలిపి మూత పెడితే గింజలు గుజ్జయిపోతాయి. కాబట్టి కుక్కరు ఇంటికి కొత్త లెక్క కావాలి. అవ్వ చేతి వంటను తలుచుకుంటే ఆ లెక్క రాదు, దాన్ని ఎవరో ఒకరు వండి చూసి రాయాలి.

మరో చిక్కు నీళ్ళది. మా వైపు చాలా అపార్ట్‌మెంట్లకు బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళే ఆధారం. సున్నం ఎక్కువగా ఉండే ఆ నీళ్ళలో గింజ పైతోలు గట్టిపడుతుంది. ఎంతసేపు ఉడికించినా లోపల మెత్తగా, పైన తోలులా ఉండిపోతుంది. తాగడానికి తెప్పించే క్యాను నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వేసి రాత్రంతా నానబెడితే తేడా పంటికి తెలుస్తుంది. ఉప్పు వేస్తే గింజలు ఉడకవని మనవాళ్ళు అంటారు కాని, నానబెట్టేటప్పుడు వేసిన ఉప్పు తోలును మెత్తబరుస్తుంది. ఉడకనివ్వనిది పులుపు. అందుకే చింతపండు, టమాటా చివరికి.

పిన్నమ్మ వేసిన ప్రశ్న

కంటి పరీక్షకు మా పిన్నమ్మ బెంగళూరు వచ్చి మా ఇంట్లో ఉంది. చలికాలం, అనపకాయల రోజులు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ఊరి మార్కెట్లన్నీ ఆ వాసనే. మంచు పడ్డ కాయ మీద జిగటగా ఒక నూనె ఊరుతుంది, కాయలు ఒలిస్తే వేళ్ళకు అంటుకుని ఆ పూటంతా పోదు. కన్నడంలో దాన్ని సొగడు అంటారు. ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ పేరుతో తయారుచేసిన రకాలు ఏడాది పొడవునా కాస్తాయి కాని, వాటికి ఆ వాసన రాదని కొనేవాళ్ళ ఫిర్యాదు. బెంగళూరులో ఈ గింజకు ఏటా ఒక మేళా కూడా జరుగుతుంది. దోసె నుంచి జిలేబీ దాకా అన్నింటిలోనూ అవరేబేళె (అనపపప్పు) వేసి అమ్ముతారు. గింజకు దక్కే ఆ గౌరవం చూస్తే ముచ్చటేస్తుంది. అదే గింజ పెద్దకూరలో పడితే ఏ మేళాలోనూ చోటుండదు.

పిన్నమ్మ నేల మీద చేట పెట్టుకుని గింజలు పితుకుతున్నది. నానిన గింజను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నొక్కితే పప్పు చెంగున గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ళ మధ్య మిగులుతుంది. ఆమె గిన్నె వైపు చూడకుండానే చేస్తున్నది. గింజలు పులుసుకు చిక్కదనం ఇస్తాయి, కూర రుచి పెంచుతాయి, ఇదంతా రాద్దామనుకుంటున్నానని చెప్పాను.

"రుచి కోసం వేశామని రాస్తావా?" అంది. "అరకిలో కూర తెస్తే తినేవాళ్ళం పదిమందిమి. మగవాళ్ళు, పిల్లలు తిన్నాక చివర కూర్చునే ఆడవాళ్ళకు వట్టి పులుసు మిగిలేది. గింజలు వేస్తే గింజలైనా దొరికేవి. అది రాయి."

రాస్తున్నాను. ఆ మాట తర్వాత నేను చాలాకాలం ఈ వ్యాసం జోలికి పోలేదు. లేమిలో పుట్టిన ఒక సర్దుబాటును తీసుకొచ్చి, జెలటిన్ అనీ చిక్కదనమనీ పేర్లు పెట్టి, 'సులువైన, చవకైన, కమ్మని భోజనం' అని అందంగా వడ్డించడం సబబేనా? చివర కూర్చున్న ఆడవాళ్ళు ఆ వంటను కమ్మని భోజనం అనుకుని ఉంటారా? చవక అన్న మాట, ఖరీదైనది కొనగలిగినవాళ్ళ నోట ఒకలా, ఇంకో దారి లేనివాళ్ళ నోట మరోలా వినిపిస్తుంది. ఈ అనుమానం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

అయితే ఆ మాట అన్న పిన్నమ్మే, ఆ సాయంత్రం కూర ఆమె చేతుల మీదుగా అయింది కాబట్టి, కిలో మాంసం తెచ్చినా గింజలు తగ్గించలేదు. ఇంట్లో ఉన్నది నలుగురం. కూర సరిపోదన్న భయం లేదు. వడ్డించుకునేటప్పుడు కూడా గరిటెతో గింజలే ముందు తోడుకుంది. అలవాటా అని అడిగాను. "గింజ రసమంతా తాగి ఉంటుంది. ముక్కలో అంత రుచి ఎక్కడుంటుంది?" అంది. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు మాటలు. రెండూ నిజమే. లేమి వల్ల వేసిన గింజ నాలుక మీద నిలిచింది దాని రుచి వల్లే. వంటల చరిత్ర తీస్తే చాలా మటుకు ఇలాగే ఉంటుంది. పాత అన్నం పారేయలేక పుట్టిన చద్దన్నాన్ని ఈ రోజు ఎవరూ తక్కువ చూడరు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1977లో చిల్లీని తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. బీఫ్, ఎండుమిరప కలిపి గంటల తరబడి ఉడికించే కూర అది. శాన్ ఆంటోనియో పట్టణపు కూడళ్ళలో మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టుకుని దాన్ని కూలీలకు, సైనికులకు చవకగా అమ్మేవారు. 1930ల దాకా అలా సాగింది, తర్వాత శుభ్రత పేరుతో మూయించారు. వాళ్ళ బండ్లు పోయి వంట మాత్రం రాష్ట్ర గౌరవంగా మిగిలింది. ఇప్పుడు అక్కడ అసలు సిసలు చిల్లీలో గింజలు వేయకూడదని పట్టుబట్టేవాళ్ళున్నారు, గింజలు వేస్తే పోటీకి ఒప్పుకోని సంఘాలున్నాయి. గింజ వేస్తే మాంసం తగ్గించారన్న అనుమానం వాళ్ళకూ ఉందన్నమాట. మన పెళ్ళిళ్ళలో మటన్‌లో గింజలు కనిపిస్తే 'గింజలతో నింపేశారు' అని వియ్యాలవారు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. గింజ మీద ఉన్న చిన్నచూపు అది. మా కూర మీద పడేది రెండు చిన్నచూపులు: ఒకటి గింజది, రెండోది మాంసానిది. మొదటిది డబ్బున్నచోట పోతుంది. రెండోది పోదు.

మటన్ అని పేరు పెట్టిన వీడియో

మా చిన్నాన్న కూతురు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఉంటుంది. వంటల వీడియోలు చేస్తుంది, చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. ఒక చలికాలం ఇదే కూర చేసి వీడియో పెట్టింది. పేరు 'మటన్ అనపగింజల పులుసు'. చేసింది పెద్దకూరతో. చూసిన క్షణమే నాకు తెలిసింది, ఆ ముక్కల ముదురు ఎరుపు, పీచు చూస్తే ఎవరైనా పోల్చుకుంటారు.

వీడియో కింద మెచ్చుకోళ్ళు వచ్చాయి. వాటి మధ్యలో ఒకావిడ రాసింది: మీరు చెప్పినట్టే నలభై నిమిషాలు ఉడికించాను, మాంసం విడిపోయి ఎముక ఒకచోట, పీచు ఒకచోట అయింది, ఎక్కడ తప్పు జరిగింది? మా చెల్లెలు జవాబు ఇవ్వలేకపోయింది. ఏమని ఇస్తుంది? ఆ నలభై నిమిషాలు ముదురు గేదె మాంసానికి పట్టే సమయం. మేకపోతు మాంసానికి అందులో సగం చాలు. వంటలో ప్రతి కొలతా ఆ మాంసానిదే, పేరు ఒక్కటే వేరే మాంసానిది.

నా వాదనకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. పేరు దాచిపెడితే పోయేది ఆత్మగౌరవం ఒక్కటే కాదు, వంట కూడా పోతుంది. ఏ ముక్కకు ఏ సమయమో, ఏ కొవ్వుకు ఎంత పులుపో అన్నీ ఆ పేరుకు కట్టుబడి ఉంటాయి. పేరు మారిస్తే కొలతలన్నీ అబద్ధాలైపోతాయి. పదేళ్ళు ఇలా మటన్ పేరుతో చలామణి అయితే నిజంగా మటన్‌తో చేసేవాళ్ళు కొలతలు సరిదిద్దుకుంటారు. అప్పుడు అసలు వంట ఎలా చేస్తారో చెప్పే పాఠం ఎక్కడా మిగలదు.

ఆ మాటే ఆమెతో అన్నాను. "అక్కా, నువ్వు పేరు పెట్టుకోకుండా రాస్తావు. నా వీడియోలో నా ముఖం కనిపిస్తుంది. కింద ఇంటి యజమాని ఉంటాడు. ఇల్లు అద్దెకిచ్చే ముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో నీకు తెలియదా?" అంది. తెలుసు. ఈ ఊళ్ళో అద్దె ఇల్లు వెతికిన ప్రతి ఒక్కరికీ తెలుసు. జీతం ఎంత అని అడగడానికి ముందే వెజ్జా, నాన్‌వెజ్జా అని అడుగుతారు. నాన్‌వెజ్ అంటే ఏవేం తింటారు అన్నది తర్వాతి ప్రశ్న. ఆమె భయానికి విలువ ఇవ్వాలి. ధైర్యం చెప్పేవాళ్ళు ఆమె అద్దె కట్టరు, ఇల్లు ఖాళీ చేయమంటే సామాను మోయరు. కాబట్టి అందరూ పేరు పెట్టి రాయాలని నేను అనడం లేదు. రాయగల వీలున్నవాళ్ళం రాయాలంటున్నాను. ముఖం కనపడని ఈ చోటు నాకు ఉంది కాబట్టి నేను రాయాలి.

మామూలు వంట అనడం పారిపోవడమా?

ఇంకో వైపు నుంచి వచ్చిన అభ్యంతరం మరింత బరువైనది. విద్యార్థి ఉద్యమాల్లో తిరిగిన ఒక మిత్రుడు అన్నాడు: "మామూలు వంట అని రాస్తే అది మామూలుగా లేదన్న సంగతి మరుగున పడుతుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో మరిచిపోయావా? బహిరంగంగా తినడమే ఒక పోరాటం అయినచోట నువ్వు ఉప్పు, కారం లెక్కలు రాసుకుంటూ కూర్చుంటావా?"

మరిచిపోలేదు. అలాంటి పనులు జరగకపోతే నేను ఈ మాత్రం కూడా రాయగలిగేదాన్ని కాదు. కాని పోరాటానికి వంట ఒక జెండాగా మారినప్పుడు, ఆ జెండా ఎత్తిన రోజే అందరికీ కనిపిస్తుంది. మిగతా రోజుల్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు? మా అవ్వ ఎవరి మీదా పోరాటంగా వండలేదు. ఆదివారం వచ్చింది కాబట్టి, పిల్లలకు ఆకలేస్తున్నది కాబట్టి వండింది. ఆమె చేసిన పనిని ఎప్పుడూ ప్రతిఘటన అనే పేరుతోనే చెబితే, ఆమె చేతిలో ఉన్న నైపుణ్యం గురించి ఏమీ చెప్పనట్టే. ముదురు మాంసాన్ని నోట్లో కరిగేలా చేయడం పనితనం. అగ్రహారం వంటవాళ్ళ పప్పుపులుసు గురించి రాసేటప్పుడు ఆ పనితనాన్ని పేజీలకు పేజీలు మెచ్చుకుంటారు. ఈ చేతులకు ఆ మాత్రం దక్కాలి.

మిత్రుడు ఒప్పుకోలేదు. రెండూ రాయి అన్నాడు. అందుకే ఈ వ్యాసంలో చట్టమూ ఉంది, చింతపండూ ఉంది.

మాంసం మానేయవచ్చు కదా

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి శాకాహారి, మంచి స్నేహితురాలు. ఆమె వేసిన ప్రశ్నలో వెటకారం లేదు. గింజల్లో ఎలాగూ ప్రొటీన్ ఉంది, చవక కూడా, మరి మాంసం ఎందుకు అంది.

ప్రొటీన్ వరకే అయితే ఆమె మాట కాదనలేను. మాంసానికి అసలు బలం ఇనుములో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58 శాతం దాటింది. గింజల్లో ఇనుము ఉన్నా శరీరం దాన్ని కొద్దిగానే పట్టుకుంటుంది. ఎర్రమాంసంలోని ఇనుము సులువుగా ఒంటికి పడుతుంది, అంతేకాదు, మాంసంతో కలిపి తిన్నప్పుడు గింజల్లోని ఇనుము కూడా ఎక్కువగా అందుతుంది. పులుసులోని టమాటా పులుపు కూడా ఆ పనికి కొంత సాయం చేస్తుంది. చివర కూర్చున్న ఆడవాళ్ళకు ఆ రెండు ముక్కలు దక్కి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. (భోజనం అవ్వగానే టీ తాగే అలవాటు మాత్రం మానుకోవాలి. టీ గింజల్లోని ఇనుమును సరిగా అందనివ్వదు.)

ఎర్రమాంసం మీద ఉన్న అభ్యంతరాన్ని దాటవేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్రమాంసాన్ని బహుశా క్యాన్సర్ కారకం కావచ్చన్న వర్గంలో చేర్చింది. వండిన మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా తినమని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. మా కూరలో అరకిలో పచ్చి మాంసాన్ని ఆరుగురం పంచుకుంటాం. ఉడికాక మనిషికి 50, 60 గ్రాములు కూడా రాదు. పొట్ట నింపేది గింజ, సంకటి. అప్పుడు లెక్క ఎటు చూసినా హద్దు లోపలే ఉంటుంది. నాలుగు మాంసం వంటలు వరుసగా పెట్టే విందు భోజనాలకు ఆ మాట వర్తించదు.

పర్యావరణం మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గేదె కూడా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది. అయితే అది పాల కోసం పెంచిన పశువు. పాలు, నెయ్యి, పనీర్ తింటూ ఆ గేదె చివరికి ఏమైందని అడగనివాళ్ళు, ఆ చివరి మాంసం తినేవాళ్ళనే వేలెత్తి చూపడం న్యాయం కాదు. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. అలా దేశాలు దాటి పోయే మాంసం గురించి లేని చర్చ మా వీధిలో ఉడికే అరకిలో గురించి ఎందుకు వస్తుందో ఆలోచించాలి.

ఇక కొలతలు

ఆరుగురికి. పెద్దకూర అరకిలో. సీనా (రొమ్ము) వైపు కొవ్వు, ఒకటి రెండు ఎముకలు ఉండేలా అడిగి తీసుకోండి, వట్టి కండ అయితే పులుసు పలచన. ఎండు అనపగింజలు పావుకిలో, లేదా పచ్చివి ఒలిచినవి అరకిలో. ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, కారం రెండు చెంచాలు, ధనియాల పొడి నాలుగు చెంచాలు, పసుపు అరచెంచా, ఉసిరికాయంత చింతపండు. నూరుకోవడానికి ఎండుకొబ్బరి చిన్న ముక్క, గసగసాలు ఒక చెంచా, చెక్క, నాలుగు లవంగాలు. నేను కొనే చోట మటన్ కిలో ఎనిమిది వందలు దాటింది, పెద్దకూర అందులో సగం లోపే. రాగిపిండితో కలిపి ఈ భోజనం మొత్తం మూడు వందల యాభై రూపాయల లోపు అవుతుంది.

ఎండుగింజలు రాత్రి ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. మాంసం అంగుళం ముక్కలు కోసి, కడిగి, నీళ్ళు పూర్తిగా వార్చండి. కుక్కరులో నూనె వేసి ఉల్లిపాయలు ఎర్రబడ్డాక మాంసం, పసుపు, ఉప్పు వేసి కలుపుతూ ఉండండి. ముందు మాంసంలోంచి నీరు ఊరుతుంది, తర్వాత ఇంకుతుంది, చివరికి నూనె తేలి అడుగున చిటపటమంటుంది. ఆ చప్పుడు వినబడేదాకా తొందరపడకూడదు, రంగు, వాసన అంతా అక్కడే పుడతాయి. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేసి వేయించి, మూడు గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టండి. మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి నలభై నిమిషాలు. ఆవిరి దానంతట అది పోవాలి.

మూత తీసి గరిటె అంచుతో ముక్కను నొక్కండి. విరిగితే అయినట్టు, సాగితే ఇంకో పది నిమిషాలు. ఇప్పుడు నానిన గింజలు, ఒక గ్లాసు వేడినీళ్ళు వేసి మళ్ళీ మూత పెట్టి పన్నెండు నిమిషాలు. పచ్చిగింజలైతే కుక్కరు మూత వద్దు, మామూలు మూత కింద పావుగంట చాలు. గింజ మెత్తబడ్డాకే టమాటా, చింతపండు రసం, నూరిన మసాలా వేసి సన్నసెగ మీద పావుగంట మరగనివ్వండి. దించి అరగంట వదిలేసి తింటే గింజ రసం పీల్చుకుంటుంది. మర్నాటికి పులుసు గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది, వేడినీళ్ళు కలిపి కాచుకోవాలి.

అనప దొరకనివాళ్ళు అలసందలు వేసుకోవచ్చు, ఎనిమిది నిమిషాలు సరిపోతాయి. రాజ్మా వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంది, నానబెట్టాక కనీసం పది నిమిషాలు తెర్లుతూ మరిగితే తప్ప అది పోదు. కుక్కరులో ఆ ఇబ్బంది లేదు. సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండల్లో మాత్రం మరిగించని రాజ్మా నేరుగా వేయకండి.

పిన్నమ్మకు తెలియనిది ఒకటి మిగిలింది. ఎండాకాలంలో ఒట్టితునకలను (ఎండబెట్టిన మాంసం ముక్కలను) ఉలవలతో కలిపి వండేవాళ్ళని అవ్వ చెప్పగా ఆమె విన్నది, చూడలేదు. తునకలను వేడినీళ్ళలో ఎంతసేపు నానబెట్టాలి, ఉలవలు ఉడికిన కట్టు ఉంచుకోవాలా వార్చాలా, పులుపు చింతపండుదా చింతచిగురుదా, ఇవేవీ నాకు దొరకలేదు. కుప్పం, పుంగనూరు వైపు గాని, కోలారు, ముళబాగిలు వైపు గాని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా వండి ఉంటే అడిగి రాయండి. గ్లాసుల్లో చెప్పినా సరే, గుప్పెళ్ళలో చెప్పినా సరే, నేను వండి చూసి కొలతలు కడతాను.